అన్నయ్య కెమెరాకి తొడిగిన అద్దం

ఆ అద్దం పేరెత్తితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కెమెరా లెన్సు ముందు గుండ్రంగా బిగించే పల్చటి అద్దం. ఫిల్టరు అంటారు. దుమ్మూ తేమా ఉప్పుగాలీ లెన్సుకి తగలకుండా కాపాడుతుందని చెప్పి అమ్ముతారు. మా పోర్ట్ బ్లెయిర్‌లో కెమెరా కొన్నవాడల్లా కొన్నరోజే దాన్ని బిగించేస్తాడు, ఇక జన్మలో విప్పడు. ఈ ఊరి గాలికి గేటు బోల్టులే పొడిపొడిగా రాలిపోతుంటే లెన్సొక లెక్కా అని వాళ్ళ భయం. ఆ భయస్తుల్లో మొదటివాడు మా అన్నయ్య.

అన్నయ్య ఓడల టిక్కెట్లిచ్చే ఆఫీసులో గుమాస్తా. ఆదివారాలూ సెలవు రోజులూ మా తెలుగు చర్చివాళ్ళ పెళ్ళిళ్ళకీ పుట్టినరోజులకీ ఫోటోలు తీసేవాడు. లంబాలైన్‌లో మా ఇంట్లో బీరువా అడుగు అర మొత్తం ఆ కెమెరాదే. బూజు పట్టకుండా ఆ అరలో ఎప్పుడూ ఒక చిన్న బల్బు వెలుగుతూ ఉండేది. మా దుప్పట్లు చెమ్మ వాసన కొట్టేవి గానీ కెమెరా మాత్రం వెచ్చగా పడుకునేది. ఆ అర ఎవరు తెరిచినా ఇంట్లో రణరంగమే.

నేను ఇంకో దీవిలో ఉన్న రంగత్‌లో గవర్నమెంటు స్కూలు టీచర్ని. సెలవులకి బస్సెక్కి ఇంటికి వచ్చినప్పుడల్లా మా ఇద్దరికీ ఏదో ఒక గొడవ ఉండాల్సిందే, లేకపోతే ఇద్దరికీ అన్నం అరగదు. ఒక ఏడు గొడవకి నాకు ఈ ఫిల్టరు దొరికింది. మా స్కూల్లో సైన్సు చెప్పే ఆవిడ మాటల్లో మాటగా, లెన్సు ముందు ఇంకో అద్దం పెడితే వెలుతురు దాని మీద అటూ ఇటూ కొట్టుకుని బొమ్మ పాడవుతుందని అంది. నాకంతే చాలు. ఇంటికొచ్చి అన్నయ్య తల తినేశాను. అంత మంచి లెన్సు కొనుక్కుని దాని మొహానికి కిటికీ అద్దం కట్టావేంటని వెక్కిరించాను. అన్నయ్యకి కోపం రాలేదు. అయితే పరీక్ష పెడదాం రా అన్నాడు.

పెరట్లో రేకుల చూరు కింద నీడలో అమ్మ పీటేసుకుని చేపలు బాగు చేస్తోంది. అన్నయ్య అద్దంతో ఒక ఫోటో తీశాడు. అద్దం విప్పి అక్కడి నుంచే ఇంకో ఫోటో తీశాడు. రెండూ ల్యాప్‌టాప్‌లో పక్కపక్కన పెట్టి, ఏది ఏదో చెప్పమన్నాడు. నేను కళ్ళు చికిలించి, ముక్కు తెరకి ఆనించి మరీ చూశాను. అమ్మ మణికట్టు మీద అంటుకున్న చేప పొలుసు రెండింట్లోనూ ఒకేలా మెరుస్తోంది. వెంట్రుకవాసి తేడా లేదు. నోటికొచ్చింది చెప్పాను, తప్పయింది. అటుగా వెళ్తున్న నాన్నని పిలిచి అడిగితే, ఆయన రెండూ చూసి, రెండూ మీ అమ్మే కదా అని వెళ్ళిపోయాడు. అంతటితో కేసు కొట్టేశారు. అన్నయ్య ఆ అద్దాన్ని మళ్ళీ బిగించాడు, గెలిచిన ఊపులో ఇంకాస్త గట్టిగా. నీడలో పెట్టిన పరీక్ష అది. ఎండకి ఎదురుగా నిలబడి కూడా ఒకటి తీసి చూడాలన్న సంగతి మా ఇద్దరిలో ఒక్కరి బుర్రకీ తట్టలేదు.

ఇక నాన్న సంగతి చెప్పాలి. శ్రీకాకుళం వైపు నుంచి కుర్రవయసులో ఓడెక్కి ఇక్కడికి వచ్చాడు. దీవుల మధ్య తిరిగే బోట్ల మీద పనిచేసి రిటైరయ్యాడు. అమ్మది ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగు క్రైస్తవ కుటుంబం. పెళ్ళినాడు నాన్న మా తాతకి ఒక మాట ఇచ్చాడట, బాప్తిస్మం తీసుకుంటానని. ఆ మాట ఈస్టరు నుంచి క్రిస్మస్‌కీ, క్రిస్మస్ నుంచి ఈస్టరుకీ జరుగుతూ ఉండగా మేం పుట్టాం, పెరిగాం, తాత పోయాడు, నాకు ఉద్యోగం వచ్చింది. అలాగని అమ్మని ఆయన ఎన్నడూ ఆపలేదు. ప్రతి ఆదివారం స్కూటర్ మీద చర్చి గేటు దాకా దింపేవాడు. ఆరాధన అయ్యేవరకు ఎదురుగా టీ కొట్లో కూర్చునేవాడు. వాన పడితే గొడుగు పట్టుకుని గేటు దగ్గరికి వచ్చి నిలబడేవాడు గానీ గేటు మాత్రం దాటేవాడు కాదు. బాప్తిస్మానికి నీళ్ళలో మునిగాడని తెలిస్తే ఊళ్ళో అన్నదమ్ములు గుమ్మం తొక్కనివ్వరని చెప్పేవాడు. అది నిజమే. ఒక్కోసారి సాకేమో అని కూడా అనిపించేది. ఎంత గుచ్చి అడిగినా నీళ్ళు నమిలేవాడు. మొండిఘటం.

నాన్న నోరు విప్పకపోయినా అమ్మకి ఇబ్బంది ఉండేది కాదు. ఆవిడ ఆయన ముఖం చూసి చెప్పేసేది. బోటు దిగి ఇంటికి వస్తున్న మనిషిని గుమ్మంలోంచే చూసి, ఇవాళ ఎవరితోనో మాటపడ్డారనో, ఆకలి మీద ఉన్నారనో, జ్వరం వచ్చేలా ఉందనో అనేది. నాన్న అదేం లేదని బుకాయించేవాడు. కాసేపటికి, అవునే, నువ్వన్నది నిజమే అనేవాడు. ఆయనకి కోపం వచ్చిందన్న సంగతి చాలాసార్లు అమ్మ చెబితేనే ఆయనకి తెలిసేది. చిన్నప్పుడు మాకదొక తమాషా. అమ్మ చెప్పేవరకు నాన్న ముఖం వంక మేం కూడా చూస్తూ కూర్చునేవాళ్ళం, మాకేమీ తెలిసేది కాదు.

అమ్మకి కడుపులో కేన్సరు వచ్చింది. చెన్నై తీసుకెళ్ళాం. కోసి చూసి మళ్ళీ కుట్టేసి, ఇంటికి తీసుకెళ్ళి బాగా చూసుకోండి అన్నారు. ఆ మాటకి అర్థం అందరికీ తెలుసు, అమ్మకి ఇంకా బాగా తెలుసు. నేను సెలవు పెట్టి లంబాలైన్ వచ్చేశాను. అమ్మ మంచం ముందుగదిలో కిటికీ పక్కన వేశాం. ఎయిర్‌పోర్టు పక్కనే, విమానం లేచినప్పుడల్లా కిటికీ అద్దాలు గలగలలాడేవి. ఆవిడ ఒకవైపు తిరిగి పడుకోవడమే. పట్టుకుని కూర్చోబెడితే నొప్పికి పళ్ళు బిగబట్టేది. మంచం దాటించే ప్రశ్నే లేదు.

ఒక సాయంత్రం మా అయ్యగారు, అంటే చర్చి పాస్టరుగారు, అమ్మ కోసం ప్రార్థన చేసి వెళ్ళబోతుంటే నాన్న వరండాలో ఆపాడు. నేను బాప్తిస్మం తీసుకుంటానండి అన్నాడు. ఏదో బోటు టైము చెప్పినంత మామూలుగా అన్నాడు. అయ్యగారు ఆయన రెండు చేతులూ పట్టేసుకున్నారు. నేనూ అన్నయ్యా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. లోపల మంచం మీద అమ్మకి అంతా వినిపించింది.

అమ్మ ఎగిరి గంతేస్తుందనుకున్నాను. జీవితమంతా మోకాళ్ళ మీద అడిగింది ఇదొక్కటే. ఆవిడ మాత్రం నన్నూ అన్నయ్యనీ దగ్గరికి పిలిచింది.

"నా కోసం మునుగుతున్నారా, నిజంగా నమ్మి మునుగుతున్నారా, అది తేలాల నాకు," అంది. "నీళ్ళల్లోంచి లేసినప్పుడు ఆ ముకం సూత్తే నేను సెప్పేత్తాను. ఆ ఒక్క ముకం నాకు సూపించండి."

నాన్ననే అడగొచ్చు కదా అన్నాను. చచ్చిపోయేదానితో నమ్మలేదని చెబుతారేటే అంది. అమ్మ లెక్కలో ఆ తేడా చిన్నది కాదు. నమ్మి మునిగితే ఆయన మళ్ళీ పరలోకంలో తనకి కనిపిస్తాడు. తన మొహం చూసి జాలితో మునిగితే అది ఉత్త సముద్రస్నానం, ఇక్కడితో సరి. చావు దగ్గరికొచ్చినా జంకని మనిషి ఈ ఒక్కదానికి వణికిపోయింది. తను ఒడ్డుదాకా రాలేని మనిషి కాబట్టి ఫోటో కావాలి. అన్నయ్య అమ్మ చెయ్యి పట్టుకుని, కనురెప్పల వెంట్రుకలు కూడా లెక్కపెట్టుకునేంత బాగా తీసుకొస్తానమ్మా అన్నాడు.

మా చర్చిలో పెద్దల కాలం నుంచీ ఒక పద్ధతి ఉంది. సూర్యుడు సముద్రంలోంచి లేచే వేళకే మనిషి కూడా నీళ్ళలోంచి లేవాలి. తూర్పు ఒడ్డున నడుంలోతు నీళ్ళలో, ముఖం ఒడ్డు వైపు పెట్టి నిలబెడతారు. ఒడ్డున పాడుతున్నవాళ్ళకి సూర్యుడూ మనిషీ కలిసి లేచినట్టు కనిపించాలి. వేరే చర్చిలవాళ్ళు చర్చి వెనక తొట్టిలో కానిచ్చేస్తారు గానీ మావాళ్ళకి తొట్టి ఆనదు. నాన్న తన షరతులు తను పెట్టాడు. ఒడ్డున మేమిద్దరం తప్ప జనం ఉండకూడదు. ఫోన్లు అసలే తేకూడదు. ఫోన్లో పడిన బొమ్మ తను ఒళ్ళు తుడుచుకునేలోపు శ్రీకాకుళం చేరిపోతుందని ఆయన భయం. అన్నయ్య కెమెరా అయితే పర్వాలేదన్నాడు, దాని కార్డు అన్నయ్య జేబులోనే ఉంటుంది కాబట్టి. అయ్యగారు అన్నింటికీ తలూపారు. సూర్యోదయం దగ్గర మాత్రం ససేమిరా అన్నారు.

పెళ్ళిళ్ళలో ఫోటో బాగా రాకపోతే అన్నయ్య పెళ్ళికొడుకుని ఉంగరం మళ్ళీ తొడగమంటాడు. జనం నవ్వుకుంటూ తొడుగుతారు. బాప్తిస్మం అలా కాదు. మనిషికి ఒక్కసారే ఇస్తారు. రెండోసారి ముంచితే మొదటిదాన్ని అబద్ధం చేసినట్టే. వస్తే ఆ ఒక్క క్షణంలో రావాలి. అన్నయ్య ముందురోజంతా బ్యాటరీ చూసుకోవడం, కార్డు చూసుకోవడం, మళ్ళీ బ్యాటరీ చూసుకోవడం. ఫిల్టరు సంగతి నాకూ గుర్తు రాలేదు. అది ఎప్పుడో తేలిపోయిన గొడవ.

ఇక్కడ ఐదింటికే తెల్లారిపోతుంది. మేం చీకటితోనే కార్బిన్స్ కోవ్ ఒడ్డుకి చేరాం. నాన్న తెల్లపంచె, తెల్లచొక్కా వేసుకున్నాడు. ఆ చొక్కా అమ్మ మంచం మీద నుంచే చెప్పి చెప్పి నా చేత ఇస్త్రీ చేయించింది, తడిసిపోయే చొక్కాకి మడత నలగకూడదట. సూర్యుడు రాకముందు అన్నయ్య నాలుగు ఫోటోలు తీసి నాకు చూపించాడు. తేటగా ఉన్నాయి. నాన్న గడ్డం గీసుకున్నప్పుడు తెగిన గాటు కూడా కనిపిస్తోంది. అలలు కాస్త ఎక్కువగా ఉండి తుంపర పడుతోంది. నీళ్ళలోకి దిగి దగ్గరగా తియ్యమన్నాను. కెమెరా పోతుందన్నాడు. అల ఆగేచోట నిలబడి, లెన్సు మీది అద్దాన్ని బనీను కొసతో తుడుచుకున్నాడు. ఉప్పు పోలేదు, పల్చగా పరుచుకుంది.

సూర్యుడి అంచు పైకి వచ్చింది. అన్నయ్య ఒకటి తీసి స్క్రీన్ చూసుకుని, చూసుకున్నవాడు చూసుకున్నట్టే ఆగిపోయాడు. నేను వంగి చూశాను. ఫోటోలో ఎడమ చేతి వైపు పైన సూర్యుడు. సరిగ్గా దానికి ఎదురు మూల, కుడివైపు కింద, ఒక పచ్చటి గుండ్రటి మచ్చ. కెమెరా కదిపితే మచ్చ కూడా కదులుతోంది. మిగతా ఫోటో అంతా గంజిలో ముంచినట్టు తెల్లగా ఉంది. సూర్యుడి వెలుగు కెమెరా లోపలికి వెళ్ళి, అక్కణ్ణుంచి తిరిగొచ్చి, ముందున్న ఈ అద్దానికి తగిలి మళ్ళీ లోపల పడుతోంది. సైన్సావిడ చెప్పింది ఇదే.

తీసెయ్యి అన్నయ్యా దాన్ని అన్నాను. నేను అనేలోపే అతను తిప్పుతున్నాడు. అది కదలదే. పరీక్ష రోజు బిగించిన తర్వాత మళ్ళీ విప్పింది లేదు. ఉప్పు మరల్లోకి దిగి లెన్సునీ దాన్నీ ఒకటే ముద్ద చేసేసింది. రుమాలు చుట్టి తిప్పాడు. నా జడకున్న రబ్బరు బ్యాండు లాగి ఇచ్చాను, అది చుట్టి తిప్పాడు. వేళ్ళు తెల్లబడిపోయాయి. అటు అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టేశారు. కాస్త ఆగండని అరుద్దామనుకున్నాను. నాన్న నడుంలోతు నీళ్ళలో చేతులు కట్టుకుని, బడిలో నిలబెట్టిన పిల్లాడిలా నిలబడి ఉన్నాడు. ఇన్నేళ్ళకి అక్కడిదాకా వెళ్ళిన మనిషి. ఒక్క నిమిషం ఆగమంటే అదే సందని వెనక్కి నడిచి వచ్చేస్తాడేమోనని అరవలేదు.

అన్నయ్య రబ్బరు బ్యాండు పారేసి పక్కకి పరిగెత్తాడు. సూర్యుడు అయ్యగారి తల వెనక దాక్కునేచోటు వెతుక్కుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మచ్చ మాయమైంది. ఒకటి తీసి చూసుకుని నాకు బొటనవేలు ఎత్తి చూపించాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అయ్యగారు నాన్న వీపు కింద చెయ్యి పెట్టి వెనక్కి వాల్చారు. వాల్చాలంటే ఆయన కూడా వంగాలి కదా. వంగారు. ఆయన వెనకున్న సూర్యుడు నిలువునా బయటపడ్డాడు. నాన్న నీళ్ళలోంచి లేచాడు. అన్నయ్య కెమెరా టకటకమంటూనే ఉంది.

నువ్వు చూడలేదా అంటారు. చూశాను. ఎదురెండ కళ్ళల్లో పొడుస్తుంటే నాన్న ఒక నల్లటి ఆకారం, అంతే. అయ్యగారు కళ్ళు మూసుకుని ఆమేన్ చెబుతున్నారు. తర్వాత ఆయన్ని అడిగితే, ముఖం ప్రకాశించిందమ్మా అన్నారు. ఆయన అందరికీ అదే అంటారు. నాన్న ఒడ్డుకి వచ్చేసరికి తువ్వాలుతో ముఖం రుద్దేసుకుని ఎప్పటి నాన్న అయిపోయాడు. నా చెప్పులేవి అని అడిగాడు.

అన్నయ్య స్కూటర్ తీశాడు. ఇంటికొచ్చి కార్డు కంప్యూటర్లో పెట్టాడు. వరసగా తీసిన ఫోటోలన్నిట్లోనూ ఆ మచ్చ కాస్త అటూ ఇటూగా నాన్న ముఖం మీదే కూర్చుంది. నుదుటి నుంచి గడ్డం దాకా పచ్చగా, లోపల ఏమీ లేకుండా. తెల్లచొక్కా తెలుస్తోంది. చేతులు తెలుస్తున్నాయి. చెవి నుంచి కారుతున్న నీళ్ళు తెలుస్తున్నాయి. ముఖం లేదు.

అమ్మ పిలిచింది. ఇవ్వకుండా ఎలా ఉంటాం? కంప్యూటర్ మంచం మీద పెట్టి, అమ్మ తల కింద ఇంకో దిండు వేశాను. నాన్న గుమ్మంలో నిలబడ్డాడు. అమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసింది. ఈ పచ్చదేటని అడిగింది. అన్నయ్య అద్దం గురించి చెప్పబోయాడు. అమ్మ వినిపించుకోకుండా చీరకొంగు తీసుకుని స్క్రీన్ మీద ఆ మచ్చని తుడిచింది. మళ్ళీ తుడిచింది. అది పోయేది కాదని అర్థమయ్యాక కొంగు వదిలేసింది. అన్నయ్యని ఒక్క మాట అనలేదు. ఆ లోటు నేను తీర్చాను. వరండాలోకి లాక్కెళ్ళి, దిక్కుమాలిన అద్దం, దిక్కుమాలిన జాగ్రత్త, నీ కెమెరా బాగుండాలి, మనుషులేమైపోయినా సరే అని నా నోటికొచ్చినట్టు తిట్టాను. అన్నయ్య గోడకి ఆనుకుని తిట్లన్నీ తిన్నాడు. తిట్టేకొద్దీ నాకే ఏడుపొచ్చింది.

రెండ్రోజులు పోయాక అన్నయ్య ఆ ఫోటో పట్టుకుని బజార్లో ఒక స్టూడియోకి వెళ్ళాడు. ఆ స్టూడియో అతను, అరే భయ్యా, యే తో ఏక్ మినిట్ కా కామ్ హై, నిమిషం పని అని ఏదో యాప్‌లో వేశాడు. మచ్చ పోయింది. మచ్చ ఉన్నచోట ఒక ముఖం వచ్చింది. ఎవరో పెద్దాయన, కళ్ళు మూసుకుని, పెదాల మీద చిరునవ్వు, చెంపల మీద బంగారం రంగు వెలుగు. చర్చి కేలండరు మీద వేసుకోవచ్చు. చూపించొద్దన్నాను. అన్నయ్య బతిమాలాడు. అమ్మ నిశ్చింతగా వెళ్ళిపోతుంది కదే, అంతకన్నా మనకేం కావాలన్నాడు. అమ్మకి చూపించాడు.

అమ్మ చాలాసేపు చూసింది.

"ఎవలీయన?" అంది. "మీ నాన్నకి తానం సేసొత్తేనే మూతి ముడుసుకుపోతాది. ఇంత సుకం ఎక్కడిది ఈ ముకంలో? తీసెయ్యి నాన్నా."

అన్నయ్య తీసేశాడు. మళ్ళీ ఆ స్టూడియోకి వెళ్ళలేదు.

మర్నాడు పొద్దున్న అమ్మకి కాస్త తెరిపిగా ఉంది. నాన్నని పిలిచి బకెట్‌తో నీళ్ళు తెమ్మంది. ఒళ్ళు తుడవమంటుందేమో అని నేను తువ్వాలు పట్టుకొచ్చాను. ఏటండీ, ఓపాలి దీంట్లో తల ముంచి లేవండి, సూత్తాను అంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నాన్న ఎందుకని అడగలేదు. బకెట్ మంచం పక్కన పెట్టి, కీళ్ళనొప్పుల మనిషి, మెల్లిగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కళ్ళు మూసుకుని మెడదాకా తల ముంచాడు. బోటు మనిషి కదా, ఊపిరి బాగానే పట్టాడు. లేచాడు. నెత్తిన ఉన్న నాలుగు వెంట్రుకలూ నుదుటికి అంటుకుపోయి, ముక్కు కొస నుంచి నీళ్ళు కారుతూ, ఆ ముఖాన్ని అలాగే అమ్మ ముందు పెట్టాడు. అమ్మ గడ్డం పట్టుకుని కిటికీ వెలుతురు వైపు తిప్పింది. చూసింది. ఇటు తిప్పి చూసింది. నాన్న కదల్లేదు, కళ్ళార్పలేదు. అంత ఆశగా నాన్న ఎవరివైపూ చూడటం నేను ఎరగను.

"ఇది బకెట్ ముకం," అంది అమ్మ.

ఇద్దరూ నవ్వారు. నాన్న తడిమొహంతో నేల మీద కూర్చునే నవ్వాడు. ఆ ఇంట్లో అదే ఆఖరి నవ్వు. నవ్వుతూనే అమ్మ మొహం అటు తిప్పుకుంది. తేల్నేదండీ అంది గోడ వైపు చూస్తూ. నాన్న బకెట్ తీసుకెళ్ళి పెరట్లో పారబోశాడు.

ఆ వారం తిరగకుండానే అమ్మ పోయింది. ఆఖర్న మాట పడిపోయింది గానీ కళ్ళు నాన్న ముఖం మీదే ఉన్నాయి. భూస్థాపన దగ్గర అయ్యగారు, భార్యాభర్తలిద్దరూ విశ్వాసులే, మళ్ళీ కలుసుకుంటారని వాక్యం చెప్పారు. అందరూ ఆమేన్ అన్నారు. నేను అనలేకపోయాను. అమ్మ అంత గట్టిగా అడిగిన దానికి జవాబు లేకుండానే మట్టి వేస్తుంటే నాకు దేవుడి మీద కూడా కోపం వచ్చింది, ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

పోయినవాళ్ళ ఇంట్లో చర్చివాళ్ళు పెట్టే ఆదరణ కూడిక అయ్యాక అన్నయ్య లెన్సు పట్టుకుని తెలిసిన వర్క్‌షాపుకి వెళ్ళాడు. అక్కడ ఫిల్టరు చట్రాన్ని రంపంతో కోసి, అద్దం పగలగొట్టి తీశారు. ఇంటికి తెచ్చి వరండాలో నా ముందు పెట్టాడు. లోపలి లెన్సు కొన్నరోజు ఎలా ఉందో అలాగే ఉంది. ఒక్క గీత లేదు. ఒక్క బూజు చుక్క లేదు. చూడవే, దీనికేం కాలేదు అన్నాడు. ఆ మాట అని అక్కడే కూలబడి ఏడ్చాడు. తిట్టడానికి నా దగ్గర ఇక తిట్లు మిగల్లేదు. అన్నయ్య వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. తర్వాత అతను కెమెరాని బీరువాలో పెట్టేశాడు. ఆ అరలో బల్బు ఇప్పుడు వెలగదు.

స్కూల్లో కొత్తగా కెమెరా కొన్న కుర్ర టీచర్లు నన్ను అడుగుతుంటారు, మీ అన్నయ్య ఫోటోగ్రాఫరు కదా దీదీ, ఫిల్టరు పెడితే ఫోటో పాడవుతుందా అని. నీడలో పాడవదు అంటాను. అంతకు మించి చెప్పే ఓపిక నాకు లేదు.

నాన్న మాత్రం ప్రతి ఆదివారం చర్చికి వెళ్తున్నాడు. స్కూటర్ గేటు దగ్గర ఆపి, ఇప్పుడు గేటు దాటి లోపలికి వెళ్తాడు. మగవాళ్ళ వైపు ఆఖరి బెంచీలో కూర్చుంటాడు. అందరూ లేస్తే లేస్తాడు, కూర్చుంటే కూర్చుంటాడు. పాటల పుస్తకం తెరిచి పట్టుకుంటాడు గానీ పెదాలు కదలవు. మొన్న సెలవులకి వెళ్ళినప్పుడు నేను కూడా ఆయనతో వెళ్ళాను. ఆడవాళ్ళ వైపు అమ్మ చోట్లో కూర్చుని, ఆరాధన జరుగుతున్నంతసేపూ ఆయన ముఖాన్నే చూశాను. చిన్నప్పటిలాగే నాకేమీ తెలియలేదు.

అయ్యాక ఎదురుగా టీ కొట్లో కూర్చున్నాం. ఆ బెంచీ మీద ఆయన కూర్చున్న చోటు నున్నగా అరిగి ఉంది. ఇన్నాళ్ళూ అడగనిది ఇక ఉండబట్టలేక అడిగేశాను. నిజం చెప్పు నాన్నా, అమ్మ కోసం మునిగావా, నమ్మి మునిగావా అన్నాను. అమ్మ లేదు కాబట్టి ఇప్పుడు అబద్ధం చెప్పాల్సిన పని లేదు కదా అని కూడా అన్నాను. నాన్న నీళ్ళు నమలలేదు. గ్లాసు కింద పెట్టి నా వైపు తిరిగాడు.

"నాకేటి తెలుసమ్మా," అన్నాడు. "లేసేసరికి కళ్ళల్లో ఉప్పునీళ్ళు. లోపల ఏదో అయినట్టే ఉన్నాది. అదేటో మీ అమ్మ ఫోటో సూసి సెప్తాది అనుకున్నాను. ఇప్పుడు నాకు ఎవలు సెప్తారు?"